కట్టెల పాకలో పుట్టిన లోహం - చార్లెస్ మార్టిన్ హాల్ జీవితం

తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో గానీ, బాపట్ల నుంచి సూర్యలంక పోయే దారిలో గానీ పొలం గట్ల మీద ట్రాన్స్‌ఫార్మర్లు చాలా కనిపిస్తాయి. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక ఇనుప పెట్టె ఉంటుంది. చాలాచోట్ల దాని తలుపు ఊడిపోయే ఉంటుంది. లోపల ఎరుపు, పసుపు, నీలం రంగు గుర్తులున్న మూడు లోహపు బద్దలు కనిపిస్తాయి. వాటినే బస్ బార్లు అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దిగిన కరెంటు ముందు ఈ బద్దల్లోకి వచ్చి, అక్కడినుంచి ఫ్యూజుల గుండా ఒక్కొక్క మోటారుకూ పంచబడుతుంది. కాలువ నీరు ముందు బోదెలోకి, బోదెలోంచి మడుల్లోకి పారినట్టే. అందరికీ అన్న అర్థం గల లాటిన్ మాట నుంచి ఈ బస్ అనే పేరు వచ్చింది. మనం ఎక్కే బస్సుకూ ఆ మాటే మూలం.

ఆ బద్దలు ఎక్కువభాగం అల్యూమినియంవే. ఎందుకో చిన్న లెక్కలో తెలుస్తుంది. అల్యూమినియం వాహకత్వం రాగిలో సుమారు 61 శాతం. అంటే రాగి బద్ద మోసినంత కరెంటును మోయాలంటే అల్యూమినియం బద్ద ఒకటిన్నర రెట్లకు పైగా లావుండాలి. కానీ దాని సాంద్రత 2.7 మాత్రమే, రాగిది 8.96. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం బద్ద మీటరుకు 1 కిలో 350 గ్రాములు తూగుతుంది. అదే పని చేసే రాగి బద్ద సుమారు 2 కిలోల 700 గ్రాములు. సగం బరువుతో పని జరుగుతోంది, పైగా కిలో ధర కూడా రాగికంటే ఎంతో తక్కువ. పల్లెపల్లెకూ కరెంటు చేరడంలో ఈ లెక్కకు పెద్ద పాత్రే ఉంది.

ఈ లోహం ఒకప్పుడు వెండితో సమానమైన ధర పలికేదంటే మనవాళ్ళు నమ్మరు. దాన్ని ఆ పీటమీదనుంచి దించి వంటింట్లోకీ, పొలంలోకీ తెచ్చినవాడు ఇరవైరెండేళ్ళ కుర్రవాడు, అప్పుడే డిగ్రీ చదువు ముగించినవాడు. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో హాల్-హెరౌల్ట్ పద్ధతి అని చదివి, పటం గీసి, మార్కులు వేయించుకుని మరిచిపోయాం. ఆ హాల్ కథే ఇది.

చార్లెస్ మార్టిన్ హాల్ 1863 డిసెంబరు 6న అమెరికాలోని ఓహయో రాష్ట్రంలో థాంప్సన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చిలో బోధకుడు. తల్లిదండ్రులిద్దరూ అంతకు ముందు చాలా ఏళ్ళు జమైకా దీవిలో మిషనరీలుగా పనిచేసి వచ్చారు. పెద్ద కుటుంబం, చిన్న రాబడి. ఆ ఇంట్లో డబ్బు లేకపోయినా పుస్తకాలకు కొదవ లేదు. తండ్రి తన కాలేజీ రోజుల్లో చదివిన పాత రసాయనశాస్త్ర గ్రంథం ఒకటి చిన్న చార్లెస్ చేతికి చిక్కింది. అక్షరాలు కూడబలుక్కునే వయసులోనే దాన్ని ముందేసుకుని కూర్చునేవాడట. 1873లో కుటుంబం ఓబర్లిన్ పట్టణానికి మారింది. అక్కడి కాలేజీకి ఒక గొప్ప పేరుంది. నల్లజాతి వారికీ, ఆడపిల్లలకూ అమెరికాలో అందరికంటే ముందు తలుపు తెరిచిన కాలేజీల్లో అది ఒకటి. హాల్ కథలో ఈ రెండో సంగతికి చాలా ప్రాముఖ్యం ఉంది, ఎందుకంటే అతని అక్క జూలియా అక్కడే రసాయనశాస్త్రం చదివింది.

1880లో హాల్ ఆ కాలేజీలో చేరాడు. రసాయనశాస్త్ర ఆచార్యులు ఫ్రాంక్ ఫానింగ్ జ్యూయెట్. ఆయన జర్మనీలోని గోటింగెన్‌లో చదివి, జపాన్‌లో కొంతకాలం పాఠాలు చెప్పి వచ్చినవారు. 1827లో అల్యూమినియాన్ని పొడిగా వేరుచేసిన వోలర్‌ను ఆయన గోటింగెన్‌లో ఎరుగుదురు. జ్యూయెట్ దగ్గర ఒక అల్యూమినియం ముక్క ఉండేది. దాన్ని తరగతిలో చూపించి, ఈ లోహాన్ని చవకగా తీసే దారి కనిపెట్టినవాడు లోకానికి మేలు చేస్తాడనీ, తానూ ధనవంతుడవుతాడనీ చెప్పారట. వినినవాళ్ళు చాలామందే. పక్కనున్న స్నేహితుడితో ఆ మనిషిని నేనే అవుతానన్న అర్థంలో చెప్పినవాడు మాత్రం హాల్ ఒక్కడే. మన లెక్చరర్లు కూడా తరగతిలో ఇలాంటి మాటలు అప్పుడప్పుడూ అంటూనే ఉంటారు. మనం ఆ సమయంలో గడియారం వంక చూస్తుంటాం.

అప్పటి పరిస్థితి ఇది. భూమి పైపొరలో లోహాలన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అల్యూమినియమే. ఏ బంకమట్టి బెడ్డ తీసుకున్నా అందులో అది ఉంది. కానీ అది ఆక్సిజన్‌ను పట్టుకున్న పట్టు మామూలుది కాదు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కాలిస్తే ఇనుము వస్తుంది. అల్యూమినియం ఆ పద్ధతికి లొంగదు. 1854లో ఫ్రాన్సులో డెవిల్ సోడియం సాయంతో దాన్ని కొంత పెద్ద ఎత్తున తీశాడు గానీ, సోడియమే ఖరీదైన వస్తువు. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు 100 ఔన్సుల అల్యూమినియం టోపీ పెట్టారు. ఔన్సు ధర అప్పుడు ఒక డాలరుకు కాస్త పైన. కూలివాడి రోజు కూలి కూడా అంతే. అంటే ఒక మనిషి రోజంతా కష్టపడితే 28 గ్రాముల అల్యూమినియం వచ్చేది. ఈ రోజు మన ఇళ్ళల్లో పాలు కాచుకునే గిన్నె అప్పట్లో చక్రవర్తుల భోజనాల బల్లమీద ఉండదగిన వస్తువన్నమాట.

1885లో హాల్ పట్టా పుచ్చుకున్నాడు. తల్లి ఆ ఏడే చనిపోయింది. ఇంటి బరువు జూలియా మీద పడింది. హాల్ ఉద్యోగం వెతుక్కోలేదు. ఇంటి వెనక కట్టెలు వేసుకునే పాకను ప్రయోగశాలగా మార్చుకున్నాడు. ఊళ్ళో కరెంటు సరఫరా లేదు. కాబట్టి కరెంటు కూడా తానే తయారుచేసుకోవాలి. జింకు పలకలు, కర్రబొగ్గు కడ్డీలు, నత్రికామ్లం, గంధకికామ్లం తెచ్చి జాడీల్లో బ్యాటరీలు కట్టుకున్నాడు. కొలిమి పాత సామాన్లతో తయారైంది. జ్యూయెట్ కొన్ని రసాయనాలూ, పరికరాలూ అరువిచ్చారు. బి.యస్సీ. ప్రాక్టికల్స్‌లో పరికరం లేదని రికార్డులో రీడింగులు రాసి గట్టెక్కే మనకు ఆ పాక కొంచెం సిగ్గు కలిగించక మానదు.

మొదట నీటిలో కరిగే అల్యూమినియం లవణంతో ప్రయత్నించాడు. కరెంటు పంపితే లోహం బదులు హైడ్రోజన్ వచ్చింది. నీరు ఉన్నంతసేపూ ఇంతే అని అర్థమైంది. నీరు లేని ద్రావణి కావాలి. అల్యూమినాను నేరుగా కరిగించాలంటే 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటాలి, కట్టెల పాకలో అది జరిగే పని కాదు. అలాగని ఊరుకోకుండా ఒక్కొక్క ఫ్లోరైడునూ కరిగించి, అందులో అల్యూమినా కలుస్తుందా అని చూస్తూ పోయాడు. చివరికి గ్రీన్‌లాండులో దొరికే క్రయోలైట్ అనే ఖనిజం చేతికొచ్చింది. సుమారు 1000 డిగ్రీలకు అది కరుగుతుంది. 1886 ఫిబ్రవరి 9, 10 తేదీల్లో కరిగిన క్రయోలైట్‌లో అల్యూమినా, టీలో పంచదారలా కలిసిపోవడం చూశాడు.

కొన్ని రోజుల తరువాత అందులోకి కరెంటు పంపాడు. బూడిదరంగు పదార్థం ఏదో పేరుకుంది, లోహం కాదు. ఎవరైనా ఇక్కడ సిద్ధాంతం తప్పని వదిలేసి ఉండవచ్చు. హాల్ మాత్రం తప్పు సిద్ధాంతంలో కాదు, గిన్నెలో ఉందని ఊహించాడు. మట్టి మూసలోని సిలికా కరిగి ద్రవంలోకి దిగుతోంది, అదే ముందు విడిపోతోంది. మూస లోపల కర్బనం పూత పెట్టాడు. 1886 ఫిబ్రవరి 23న మళ్ళీ కరెంటు పంపి, కొన్ని గంటలు ఆగి, ద్రవం గడ్డకట్టాక పగలగొట్టాడు. లోపల వెండిలా మెరిసే చిన్నచిన్న పూసలు కనిపించాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని జ్యూయెట్ దగ్గరికి పరుగెత్తాడు. ఆ పూసలను తరువాత కంపెనీ వారు నగల్లా దాచుకున్నారు.

పూసలే ఎందుకు, ముద్ద ఎందుకు రాలేదు అన్నది మనం లెక్క వేసుకోవచ్చు. ఫారడే నియమం ప్రకారం 27 గ్రాముల అల్యూమినియానికి మూడు ఫారడేల విద్యుత్తు కావాలి. ఒక కిలోకు సుమారు 1 కోటి 7 లక్షల కూలుంబులు. ఒక ఆంపియరు కరెంటు మాత్రమే ఉంటే 124 రోజులు ఆపకుండా నడపాలి. నూరు ఆంపియర్లుంటే 30 గంటల్లో అయిపోతుంది. జాడీల బ్యాటరీతో హాల్ చేసింది ఆ కోటి కూలుంబుల్లో చిన్న భాగం. కానీ దారి దొరికింది.

ఇక్కడ కథలోకి రెండో మనిషి వస్తాడు. ఫ్రాన్సులో పాల్ హెరౌల్ట్ కూడా 1863లోనే పుట్టాడు. (మన పుస్తకాల్లో హెరౌల్ట్ అంటాం, వాళ్ళ ఉచ్చారణలో అది ఎరూ.) అతనూ అదే క్రయోలైట్‌తో, అదే పద్ధతిని, హాల్ పేరు కూడా వినకుండా కనిపెట్టాడు. అతనికి తోళ్ళ కర్మాగారం ఉన్న కుటుంబం, డైనమో కొనుక్కునే వీలు ఉన్నాయి. 1886 ఏప్రిల్ 23న ఫ్రెంచి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. హాల్ అమెరికాలో దరఖాస్తు చేసింది జులై 9న. అంటే కాగితం మీద హెరౌల్ట్ రెండున్నర నెలలు ముందున్నాడు. అమెరికా పేటెంటు కార్యాలయంలో ఇద్దరి దరఖాస్తులూ ఢీకొన్నాయి.

అమెరికా చట్టం అప్పట్లో ముందు దరఖాస్తు చేసినవాడిని కాక ముందు కనిపెట్టినవాడిని గుర్తించేది. ఫిబ్రవరి 23 నాటికే లోహం తీశానని హాల్ రుజువు చేసుకోవాలి. అక్కడ ఆదుకున్నది అక్క జూలియా. ఆమె చాలా ప్రయోగాలను దగ్గరుండి చూసింది, వాటి వివరాలు రాసి పెట్టింది. అన్న జార్జికి వెళ్ళిన ఉత్తరాల మీద తేదీలున్నాయి. జూలియా సాక్ష్యం చెప్పింది. హాల్ నెగ్గాడు. 1889 ఏప్రిల్ 2న అమెరికా పేటెంటు అతని పేర వచ్చింది. ఫ్రాన్సులో హక్కు హెరౌల్ట్‌ది, అమెరికాలో హాల్‌ది.

జూలియా పాత్ర ఎంతవరకు అన్న దానిమీద చరిత్రకారుల్లో వాదం ఉంది. కొందరు ఆమెను సహశాస్త్రజ్ఞురాలిగానే లెక్కించాలంటారు. ప్రయోగం నడిపిన చెయ్యి హాల్‌దే, ఆమె ఒక మంచి సాక్షి మాత్రమే అని మరికొందరంటారు. నా మటుకు నాకు మొదటివారి మాటలోనే ఎక్కువ బలం కనిపిస్తుంది. అదే కాలేజీలో అదే శాస్త్రం చదివి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, మధ్యలో పాకలోకి వెళ్ళి ప్రయోగం చూసి, ఏం జరిగిందో రసాయనశాస్త్ర భాషలో రాయగలిగిన మనిషిని సాక్షి అని సరిపెట్టడం న్యాయంగా లేదు. ఆ ఇంట్లో ఆడపిల్ల అయినందువల్ల కొలిమి దగ్గర కాకుండా పొయ్యి దగ్గర నిలబడింది, అంతే తేడా. పేటెంటు మీద ఆమె పేరు లేదు.

కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని నమ్మి డబ్బు పెట్టేవాడిని పట్టుకోవడం ఇంకో ఎత్తు. బోస్టన్‌లో ప్రయత్నాలు ఫలించలేదు. అల్యూమినియం మిశ్రమలోహాలు చేసే కౌల్స్ కంపెనీలో ఒక ఏడాదిపాటు పనిచేశాడు, వాళ్ళకు అతని పద్ధతి మీద ఆసక్తి కలగలేదు. 1888లో పిట్స్‌బర్గ్ వెళ్ళి ఆల్‌ఫ్రెడ్ హంట్ అనే లోహశాస్త్ర నిపుణుణ్ణి కలిశాడు. హంట్, అతని స్నేహితులు కలిసి 20,000 డాలర్లు పోగుచేసి పిట్స్‌బర్గ్ రిడక్షన్ కంపెనీని పెట్టారు. హాల్‌తోపాటు ఆర్థర్ డేవిస్ అనే కుర్రవాడు చేరాడు. ఇద్దరూ పగలొకరు రాత్రొకరు, పన్నెండేసి గంటల చొప్పున కొలిమి కాశారు. ఆ ఏడు నవంబరులో మొదటి వ్యాపార అల్యూమినియం బయటికొచ్చింది. రోజుకు 50 పౌండ్ల వరకు తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. విచిత్రమేమంటే కొనేవాడే లేడు. ఈ తేలిక లోహంతో ఏంచెయ్యాలో ఎవరికీ తెలియదు. చివరికి గిన్నెలు, కెటిల్స్ చేసి చూపించి అమ్ముకోవలసి వచ్చింది.

పెద్ద మూసల్లో హాల్ ఇంకో సంగతి గమనించాడు. పాకలో బయటినుంచి మంట పెట్టాల్సి వచ్చేది. మూస పెద్దదై, కరెంటు పెరిగేసరికి బయటి మంట అక్కర్లేకపోయింది. కరెంటు పారేటప్పుడు పుట్టే వేడే ద్రవాన్ని కరిగించి ఉంచుతోంది. ఒకే కరెంటు రెండు పనులు చేస్తోంది. ఖర్చు ఒక్కసారిగా దిగివచ్చింది. 1888లో పౌండు అయిదు డాలర్ల దాకా ఉన్న ధర అయిదేళ్ళలో ఒక డాలరు లోపుకు పడిపోయింది. 1895లో కంపెనీ నయాగరా జలపాతం దగ్గరికి తరలి, అక్కడి జలవిద్యుత్తు వాడుకోవడం మొదలుపెట్టింది. 1907లో దాని పేరు అల్యూమినం కంపెనీ ఆఫ్ అమెరికాగా మారింది.

మన విషయం బస్ బార్లు కనుక ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అల్యూమినియం మూస ఒక్కోదానికి కావలసింది నాలుగయిదు వోల్టులే. కానీ కరెంటు మాత్రం ఇప్పటి కర్మాగారాల్లో లక్షల ఆంపియర్లు. అంత కరెంటును తీగలు మోయలేవు. ఒక మూస నుంచి ఇంకో మూసకు దూలాల్లాంటి బస్ బార్లు వేస్తారు. ఆ దూలాలు కూడా అల్యూమినియంవే. తనను పుట్టించే కరెంటును ఆ లోహం తానే మోసుకొస్తోంది. ఒక కిలో అల్యూమినియం తీయడానికి ఈనాటికీ 13 నుంచి 15 యూనిట్లు ఖర్చవుతుంది. అయిదు హార్స్‌పవర్ మోటారు నాలుగు గంటలు తిరిగినంత. మన దేశంలో ఈ పద్ధతిన మొదటిసారి లోహం తీసింది 1943లో, నేటి కేరళలోని ఆలువా దగ్గర. మన తూర్పు కనుమల్లో బాక్సైటు ఉంది గానీ ఆ కొండలు గిరిజనులవి. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులివ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చవక లోహం అన్నప్పుడు ఆ కొండల లెక్క కూడా పక్కన రాసుకోవాలి.

అల్యూమినియం బారుకు ఒక జబ్బు ఉంది, రైతు బిడ్డలకు అది అనుభవమే. గాలి తగిలిన క్షణంలో దాని మీద అల్యూమినా పొర ఏర్పడుతుంది. కంటికి కనపడనంత పలచన, అయినా విద్యుద్బంధకం. హాల్ ఏ ఆక్సిజన్‌ను విడదీయడానికి యవ్వనమంతా ధారపోశాడో, అదే ఆక్సిజన్ బోల్టు దగ్గర మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. అందుకే బారును వైరు బ్రష్షుతో గీకి, వెంటనే గ్రీజు రాసి, బిగించాలి. వేడికి అల్యూమినియం రాగికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఒత్తిడికి మెల్లగా జారుతుంది కూడా. కొన్నాళ్ళకు బోల్టు వదులవుతుంది. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడులో ఒక్కో ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు ఇస్తుంది. జాయింటులో ఓములో నూరో వంతు నిరోధం చేరినా అక్కడ 177 వాట్ల వేడి పుడుతుంది. బోల్టంత చోట అంత వేడి. బారు నల్లబడి, లగ్గు కరిగి, ఫేజు పోతుంది. సముద్రపు గాలి వీచే నిజాంపట్నం, సూర్యలంక వైపు ఇంకో చిక్కు. రాగి లగ్గును అల్యూమినియం బారుకు నేరుగా బిగిస్తే ఉప్పు తేమలో ఆ రెండూ బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో రెండు లోహాల వాషరు పెట్టాలి. ఆ వాషరు ఖరీదు ఎంత! అది లేక రేపల్లె వైపు రొయ్యల చెరువుల్లో రాత్రిపూట ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట పైకి తేలుతుంది. మా ఊరి చివర ఒక పెట్టెలో ఇలాగే బారు కాలి, మూడు రోజులు మోటార్లు ఆగి, నారుమడి నెర్రెలు విచ్చింది. ఎండిన పుల్లతో ఫ్యూజు నొక్కిపెట్టే రైతులూ, గ్లవ్స్ లేకుండా పెట్టెలో చెయ్యి పెట్టే హెల్పర్లూ మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఫిజిక్సు చదివే మనం మన ఇళ్ళల్లో ఈ బ్రష్షు, గ్రీజు, వాషరు సంగతయినా చెప్పవచ్చు. పెట్టెలో చెయ్యి పెట్టడం మాత్రం లైను ఆపించిన తరువాత, లైన్‌మాన్ చేతనే.

హాల్ సంగతికి వస్తే, సంపద వచ్చింది, కోర్టు వ్యాజ్యాలూ వచ్చాయి. ఒకప్పుడు అతని పద్ధతిని పట్టించుకోని కౌల్స్ వాళ్ళతోనే ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. 1893లో జడ్జి టాఫ్ట్ హాల్ వైపు తీర్పిచ్చాడు. ఆ టాఫ్టే తరువాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. పదేళ్ళకు ఇంకో పేటెంటు విషయంలో తీర్పు అటు తిరిగింది, కంపెనీ రాజీపడి సొమ్ము చెల్లించింది. హాల్ పెళ్ళి చేసుకోలేదు. ఒకసారి నిశ్చితార్థం దాకా వెళ్ళి ఆగిపోయింది. పియానో వాయించుకునేవాడు, ఒంటరిగా ఉండేవాడు.

1911లో అతనికి రసాయన పరిశ్రమ రంగంలో పెద్దదైన పెర్కిన్ పతకం ఇచ్చారు. ఆ సభకు సముద్రం దాటి వచ్చి అభినందించినవాడు ఎవరో కాదు, హెరౌల్ట్. ఒకే ఏడు పుట్టి, ఒకే ఏడు ఒకే సంగతి కనిపెట్టి, కాగితాల మీద పోట్లాడుకున్న ఆ ఇద్దరూ 1914లోనే పోయారు. హెరౌల్ట్ మే నెలలో, హాల్ డిసెంబరు 27న, ఫ్లోరిడాలోని డేటోనాలో. ఇద్దరికీ యాభైఒక్క ఏళ్ళే.

హాల్ వీలునామాలో బంధువులకు ఇవ్వగా మిగిలిన ఆస్తిలో మూడోవంతు ఓబర్లిన్ కాలేజీకి రాశాడు. బీదపిల్లలు పనిచేసుకుంటూ చదివే బెరియా కాలేజీకి ఆరోవంతు, నల్లవారి విద్య కోసం పనిచేసే మిషనరీ సంఘానికి ఆరోవంతు. మిగిలిన మూడోవంతు ఆసియా, బాల్కన్ దేశాల్లో చదువుల కోసం. ఆ సొమ్ములోంచే 1928లో హార్వర్డ్-యెంచింగ్ సంస్థ పుట్టింది. తల్లి పేర ఓబర్లిన్‌లో ఒక సభాభవనం కట్టించమని కూడా రాశాడు.

ఓబర్లిన్ కాలేజీలో హాల్ విగ్రహం ఉంది, అల్యూమినియందే. మరీ తేలికగా ఉండడంతో విద్యార్థులు రాత్రిపూట దాన్ని ఎత్తుకుపోయి ఇష్టమైన చోటల్లా పెడుతుంటే, చివరికి పెద్ద రాతి దిమ్మకు బిగించేశారట.